భయానికి కుంచె చెప్పిన జవాబు

ఎక్కడో దూరాన అల్లర్లు రేగాయన్న వార్త వస్తే చాలు, గూడూరు వంటి చిన్న పట్నంలో కూడా మన ఇళ్లలో గొంతులు తగ్గుతాయి. తండ్రి తలుపు గడియ రెండోసారి చూసుకుంటాడు. తల్లి పిల్లల్ని పెందలాడే పడుకోబెడుతుంది. పెద్దలు మాటల్లో భయాన్ని దాచినా, పిల్లలు ముఖాలు చదివేస్తారు. ఈ భయాన్ని ఏం చేయాలి? మింగి ఊరుకుంటే లోలోపల కుళ్లుతుంది. కోపంగా కక్కితే మరో ఇల్లు కాలుతుంది. ఈ రెండూ కాని దారిని కొందరు చిత్రకారులు చూపారు.

1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా పట్టణంపై విమానాలు బాంబులు కురిపించాయి. ఆ వార్త తెలిసిన పికాసో కొద్ది వారాల్లోనే గోడంత చిత్రం గీశాడు. అందులో విమానం కనిపించదు. చనిపోయిన బిడ్డను పట్టుకుని రోదించే తల్లి కనిపిస్తుంది. 2003లో ఇరాక్ యుద్ధానికి ముందు, ఐక్యరాజ్యసమితిలో ఉన్న ఆ చిత్రపు నేత ప్రతిని నీలి తెరతో కప్పేశారు. బొమ్మకు బలం లేదనుకునేవారు ఆ తెరను గుర్తుచేసుకోవాలి.

మన దేశంలో గులాం మొహమ్మద్ షేక్ 1981-84 మధ్య 'సిటీ ఫర్ సేల్' అనే పెద్ద చిత్రం వేశారు. అది బరోడా మతకలహాల చిత్రం. ఒకపక్క అల్లర్లు, మరోపక్క సినిమా ఆట, ముందు కూరగాయలమ్మే స్త్రీ. ఊరు మండుతున్నా పూట గడవాలి కదా!

ఎం.ఎఫ్. హుసేన్ కథ మన హైదరాబాద్‌తో ముడిపడింది. లోహియా సలహాపై, బద్రీ విశాల్ పిత్తీ అండతో ఆయన అక్కడ రామాయణ చిత్రాలు గీశారు. అదే హుసేన్ ముంబయి ఇంటిపై 1998లో దాడి జరిగింది. 2006లో దేశం విడిచారు. 2008లో ఢిల్లీ హైకోర్టు ఆయనపై కేసులు కొట్టివేసినా తిరిగి రాలేదు. 2011 జూన్ 9న లండన్‌లో కన్నుమూశారు. 2004లో ఆయన తీసిన 'మీనాక్షి' సినిమాలోని ఒక ఖవ్వాలీపై కొన్ని ముస్లిం సంస్థలు అభ్యంతరం చెప్పగా, ఆ సినిమా థియేటర్ల నుంచి వెళ్లిపోయింది. కనుక కళాకారుడికి భయం ఒక్క వైపు నుంచే రాదని మనం కూడా ఒప్పుకోవాలి. నచ్చనిదానికి జవాబు కలంతో చెప్పవచ్చు.

ప్రాణుల బొమ్మలు ధర్మసమ్మతమా అని కొందరు అడుగుతారు. ఉలమాలలో ఎక్కువమంది వాటిని వారిస్తారు. అయితే బొమ్మలే జీవనాధారమైన ఒక వ్యక్తికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెట్లను, ప్రాణం లేని వస్తువులను గీసుకోమని సలహా ఇచ్చినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. దారి మూసుకుపోలేదన్నమాట. మూసిన దుకాణం, ఖాళీ వీధి, ఒంటరి చెట్టు... భయాన్ని చెప్పడానికి ఇవి చాలవా?

మన పక్కనున్న శ్రీకాళహస్తి కలంకారీలోని 'కలం', ఖుర్ఆన్ తొలి అవతరణలో ప్రస్తావించిన 'ఖలమ్' ఒకే మాట. కాబట్టి భయపడిన బిడ్డకు "నోరు మూసుకో" అనకండి. కాగితం, రంగులు ఇవ్వండి. గీశాక పక్కన కూర్చుని "ఇదేమిటి బేటా?" అని అడగండి. బిడ్డ చెప్పేదంతా ఓపికగా వినండి. అల్లాహ్ మన ఇళ్లకు, మన పొరుగువారి ఇళ్లకు శాంతిని ప్రసాదించుగాక! ఆమీన్.