మూసిన పొట్లంలోని నాణెం: విప్పవలెనా, మానవలెనా?

మన సికిందరాబాదుకు ఆ పేరు మూడవ ఆసఫ్‌జాహీ ప్రభువైన సికందర్ జా వలన 1806లో కలిగిందన్నది విద్యార్థులందరికీ విదితమే. ఆ ప్రభువే 1803లో హైదరాబాదులో రాజ టంకశాలను నెలకొల్పాడన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ఆ టంకశాల 1903లో సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి తరలింది. సైఫాబాదు భవనంలో 2022లో నాణేల ప్రదర్శనశాల వెలసింది. నాణెంపై సంవత్సరం క్రింద చిన్న నక్షత్రం కనిపిస్తే అది మన టంకశాల గుర్తని గ్రహించవలె. ఇట్టి ఊరిలో పుట్టిన వారికి నాణేల సేకరణపై మక్కువ కలగడం సహజమే.

ఈ అభిరుచి గలవారికి తరచు ఎదురయ్యే సమస్య ఒకటి ఉన్నది. టంకశాలలు సేకరణకర్తల కొరకు కొన్ని నాణేలను ప్రత్యేకంగా పొట్లాలలో మూసి అమ్ముతాయి. వీటిలో 'ప్రూఫ్' నాణేలు ముఖ్యమైనవి. మెరుగు పెట్టిన అచ్చులతో, మెరుగు పెట్టిన బిళ్ళలపై ఒకటికంటె ఎక్కువసార్లు ముద్ర వేయడం చేత వాటి నేలభాగం అద్దంవలె మెరుస్తుంది. చెలామణిలోకి పోని మామూలు నాణేలు రెండవ రకం. ఈ పొట్లాలను అలాగే పెట్టెలో దాచవలెనా? లేక విప్పి, ఆల్బములో వరుసగా అమర్చి పదిమందికీ చూపవలెనా?

విప్పవలెననే కోరిక తప్పు కాదు. నాణెం చూడదగిన వస్తువు. 1969లో గాంధీజీ శతజయంతికి వెలువడిన పది రూపాయల వెండి నాణెం ప్రక్కన అదే సందర్భపు చిన్న నాణేలను పెట్టి చూచినప్పుడే ఆ వరుస అందం బోధపడుతుంది. చీకటి పెట్టెలో ఉన్న నాణెం ఎవరికీ పాఠం చెప్పదు. కాని పొట్లం రెండింటిని కాపాడుతుందని మరువరాదు. ఒకటి నాణెపు మెరుగు. రెండవది, అది టంకశాల నుండి ఆ రూపంలోనే వచ్చిందనే సాక్ష్యం. మెరుగును జాగ్రత్తతో నిలుపుకొనవచ్చును. సాక్ష్యం మాత్రం ఒకసారి చింపిన తరువాత తిరిగి రాదు.

మా అనుభవం ఒకటి చెప్పుకొంటాము. మా మిత్రబృందం ఒక ప్రూఫ్ నాణేన్ని ఉత్సాహంతో విప్పి, చేతులు మార్చుకొంటూ చూచింది. ఆనాడు ఏ మచ్చా కనబడలేదు. కొన్ని నెలలకు అద్దంవంటి ఆ నేలపై ఎవరిదో బొటనవ్రేలి ముద్ర గోధుమరంగులో తేలింది. చెమటలోని ఉప్పు, ఆమ్లాలు చేసిన పని అది. తుడిస్తే మచ్చ పోలేదు సరికదా, సన్నని గీతలు కూడా పడ్డాయి. చేతులు కాలిన తర్వాత ఆకులు పట్టుకొన్నట్లయింది.

ఐతే మూసి ఉంచడమే క్షేమమని తీర్మానించడం కూడా తొందరపాటే. మాలో ఒకరి దాదీమా దాచి ఇచ్చిన చార్‌మినార్ రూపాయి, ద్వారంలో 'మీమ్' అక్షరం ఉన్న మహబూబ్ అలీ ఖాన్ కాలపు నాణెం, మెత్తని ప్లాస్టిక్ సంచిలో భద్రంగా మూయబడి ఉండగానే పచ్చని జిగురు పట్టింది. ఆ సంచి పి.వి.సి.తో చేసినది. ఈ ప్లాస్టిక్ కాలక్రమాన హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని విడుస్తుంది. ఆ రూపాయిలో వెయ్యికి 818 పాళ్ళు వెండి కాగా, మిగిలినది ప్రధానంగా రాగి. ఆ రాగినే ఆమ్లం పట్టుకొన్నది. మూసిన సంచియే శత్రువైనప్పుడు దానిని విప్పక ఉపేక్షించడం నేరం.

కనుక మొదట అడుగవలసిన ప్రశ్న 'విప్పవలెనా?' అన్నది కాదు. 'పొట్లం దేనితో చేసినది?' అన్నది. సంచి మెత్తగా ఉండి ఘాటైన వాసన వేస్తే అనుమానించవలె. రసాయనశాలలో అధ్యాపకుల సమక్షాన, వేడిచేసిన రాగితీగకు అటువంటి సంచి ముక్కను తాకించి జ్వాలలో ఉంచితే, క్లోరిన్ ఉన్నచో జ్వాల ఆకుపచ్చగా మారుతుంది. పొగ పీల్చరాదు. పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ వంటి ప్లాస్టిక్కులతో భయం లేదు.

పొట్లం మంచిదై, ఆ నాణెం మన వద్ద ఒక్కటే ఉంటే దానిని విప్పకపోవడమే మేలు. పొట్లం పట్టే పెద్ద అరల ఆల్బములు కూడా ఉన్నాయి. రెండు ఉంటే ఒకటి విప్పవచ్చును. పొట్లం చెడ్డదైతే వెంటనే విప్పక తప్పదు.

విప్పేటప్పుడు బల్లపై మెత్తని గుడ్డ పరచి, నాణేనికి దూరంగా అంచును కత్తిరించవలె. నూలు చేతితొడుగులు ధరించి నాణేన్ని అంచుతో మాత్రమే పట్టుకొనవలె. దానిపై మాట్లాడరాదు, తుంపరలు పడతాయి. పచ్చని జిగురు ఉంటే స్వచ్ఛమైన అసిటోనులో ముంచి తీయవలె. రుద్దరాదు, దరిదాపుల నిప్పు ఉండరాదు. చింతపండు, విభూది, పళ్ళపొడి జోలికి పోరాదు. ఇంటి ఇత్తడి బిందెకు అవి వన్నె తెస్తాయి, నాణేనికి మాత్రం చేటు తెస్తాయి. ఆల్బము పుటలు పి.వి.సి. లేనివై, నాణెం రెండు వైపులా కనబడేటట్లు ఉండవలె. ఆసఫ్‌జాహీ నాణెంపై అబ్జద్ లెక్కన 'ముహమ్మద్' నామాన్ని సూచించే 92 అంకె, హిజ్రీ సంవత్సరం, వెనుక ముద్రణస్థలం పేరు, ఇవన్నీ చదువదగినవే. రబ్బరు బ్యాండ్లలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. వర్షాకాలంలో సిలికాజెల్ పొట్లం ప్రక్కన ఉంచవలె. విప్పిన పొట్లాన్ని, దానితో వచ్చిన కార్డును పారవేయక వేరుగా భద్రపరచవలె.

నాణెం మన చేతికి రాకముందు ఎందరి చేతులో దాటివచ్చింది. మన తరువాత ఇంకెందరి చేతులకో పోవలసి ఉన్నది. దాదీమా రూపాయిపై మచ్చ పూర్తిగా పోలేదు. కాని నేడది మంచి పుటలో ఉండి, 'మీమ్' అక్షరం స్పష్టంగా చదవడానికి వీలిస్తున్నది. మన విద్యార్థులు తమ ఇండ్లలోని పాత సంచులను ఈ సెలవులలో ఒకసారి తీసి చూడవలెనని మా మనవి.