పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకపడుతున్నారా? వయసు మీదకు నెట్టేయొద్దు

నిన్నటిదాకా బాగానే మాట్లాడిన దాదీ ఈరోజు మనవడిని గుర్తుపట్టరు. ఎప్పుడో చనిపోయిన చెల్లెలు గదిలో ఉందంటారు. ఇంట్లోవాళ్లు "వయసైపోయింది" అనో, "నజర్ తగిలింది" అనో సరిపెట్టుకుంటారు. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. జ్వరంలో వచ్చే సంధి ప్రేలాపన కూడా ఇలాంటిదే. ఇది పిచ్చి కాదు. ఒంట్లో వేరే జబ్బేదో ఉందని చెప్పే గుర్తు.

మతిమరుపుకీ దీనికీ తేడా ఏంటి?

డిమెన్షియా నెలలు, ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. డెలీరియం గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో వస్తుంది. పొద్దున కాస్త తేరుకున్నట్టు ఉండి, రాత్రికి ఎక్కువవుతుంది. మాట మీద ధ్యాస నిలవదు. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమంటే మధ్యలోనే ఆగిపోతారు.

అందరూ అరవరు. కొందరు ఉలుకూ పలుకూ లేకుండా మగతగా పడి ఉంటారు. హాయిగా నిద్రపోతున్నారులే అనుకుంటే జబ్బు ముదిరిపోతుంది.

ఎందుకు వస్తుంది?

మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, షుగర్ బాగా తగ్గడం లేదా పెరగడం, మలబద్ధకం, ఆపరేషన్, నొప్పి. నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు కూడా కారణం కావచ్చు. పెద్దవాళ్లకు ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఒక్కోసారి జ్వరం రాదు. షుగర్ మందులు వాడుతూ రోజా ఉండేవాళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. జబ్బు మనిషికి రోజా నుంచి మినహాయింపు ఉందని గుర్తుచేయాలి.

ఏం చేయాలి?

అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాడే మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లాలి. ఎప్పటి నుంచి మారారో డాక్టరుకు చెప్పాలి. మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, చేయి పడిపోయినా, పిలిస్తే పలక్కపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. దువా, దమ్ చేయించుకోవచ్చు. వాటి కోసం వైద్యం మాత్రం ఆలస్యం కాకూడదు.

వార్డులో తెలిసిన మనిషి ఒకరు పక్కనే ఉండాలి. కళ్లజోడు, వినికిడి మిషన్ పెట్టాలి. పగలు వెలుతురు, రాత్రి నిశ్శబ్దం ఉండేలా చూడాలి. డాక్టర్ వద్దనకపోతే నీళ్లు తాగించాలి, కాస్త నడిపించాలి. లేనివి కనిపిస్తున్నాయంటే వాదించొద్దు, "నేనున్నాను నానీ" అని చేయి పట్టుకుంటే చాలు. చేతులు కట్టేయడం, సొంతంగా నిద్రమాత్ర ఇవ్వడం అసలు చేయొద్దు.

కారణానికి వైద్యం అందితే చాలామంది తేరుకుంటారు. కొందరికి వారాలు పట్టొచ్చు. అందుకే తికమక ఎప్పుడు మొదలైందో ఇంట్లోవాళ్లు గమనించడమే ముఖ్యం.