తాళంచెవి నుండి వేలిముద్ర దాకా: వాణిజ్య భవనాల ఎలక్ట్రానిక్ ప్రవేశనియంత్రణ - ధర్మారం ఉదంతం వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: వాణిజ్య భవనాల తలుపులకు ఇనుప తాళం స్థానంలో కార్డు, అంకెల పలక, వేలిముద్ర యంత్రం వస్తున్నాయి. ఈ మార్పులో తాళం కన్నా ఎక్కువగా మారింది తాళంచెవి. శరీరమే తాళంచెవి అయినప్పుడు కలిగే సౌకర్యమేమిటి, దాని వెనుక ఉన్న ప్రమాదమేమిటి అన్న ప్రశ్నను 2018లో వెలుగుచూసిన ధర్మారం ఉదంతం ఆధారంగా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్రవేశనియంత్రణ, తాళంచెవి, నిశాని, వేలిముద్ర, చొప్పదండి, ధర్మారం.

1. ఉపోద్ఘాతం

చొప్పదండి కరీంనగర్ జిల్లాలోని మండలకేంద్రం. 2018లో పురపాలక సంఘమైంది. ఇటువంటి పట్టణాల్లో దుకాణం కట్టేయడం అంటే షట్టరు కిందికి లాగి, రెండు పక్కలా తాళాలు వేసి, చాబీల గుత్తి జేబులో వేసుకోవడమే. భద్రత అంతా ఆ గుత్తిలోనే ఉంటుంది. అయితే ఒకే భవనంలో బ్యాంకు శాఖ, ఫైనాన్సు కార్యాలయం, ఆసుపత్రి, శిక్షణ కేంద్రం చేరినప్పుడు ఒక్క గుత్తి సరిపోదు. ఎవరు ఏ గదికి, ఏ వేళలో రావచ్చునో నిర్ణయించే ఏర్పాటు కావలసివస్తుంది. దానినే ప్రవేశనియంత్రణ వ్యవస్థ అంటారు.

2. తాళం ఎరిగినది, ఎరగనిది

గొళ్ళెం, గడియ, బేడెం - ఇవి లోపల ఉన్నవారు తలుపును బిగించుకొనే సాధనాలు. మనిషి బయటికి వెళ్ళినప్పుడే తాళం అవసరమవుతుంది. తాళం తన ‘చెవి’ని గుర్తుపడుతుంది కాని, ఆ చెవిని పట్టుకున్న చేతిని గుర్తుపట్టదు. యజమాని చేతిలో ఉన్నా, దొంగ చేతిలో ఉన్నా దానికి ఒకటే. ఈ లోపాన్ని పెద్దలు మనుషులతోనే పూరించారు. బ్యాంకు స్ట్రాంగ్‌రూముకు రెండు తాళాలు వేసి, రెండు చెవులను ఇద్దరు అధికారుల దగ్గర ఉంచడం ఇందుకు మంచి ఉదాహరణ. ఒక్కరు మోసం చేయదలచినా తలుపు తెరుచుకోదు.

ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఒక్క ప్రశ్నను మూడుగా విడదీస్తుంది. వచ్చినవారు తాము ఎవరమని చెబుతున్నారు? నిజంగా వారేనా? వారే అయితే ఈ తలుపుకు, ఈ వేళకు అనుమతి ఉన్నదా? మూడింటికీ సరైన జవాబు దొరికితేనే తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకున్న సమయం నమోదవుతుంది. ఈ నమోదు ఇనుప తాళం ఎన్నడూ చేయలేని పని. గుమాస్తా మానేసిన రోజున తాళాలన్నీ మార్చనక్కరలేకుండా అతని కార్డు నంబరు ఒక్కటే తీసివేయగలగడం మరొక లాభం.

తలుపు పక్కన కనిపించే చిన్న పెట్టె కేవలం చదివేది. నిర్ణయించేది కంట్రోలరు, అది భవనం లోపల, భద్రమైన గదిలో ఉండాలి. చవక యంత్రాల్లో రెండూ ఒకే పెట్టెలో ఉండి, ఆ పెట్టె కూడా బయటి గోడకే ఉంటుంది. ఇది తాళంచెవిని గుమ్మానికే వేలాడదీయడం వంటిది. కార్డుల్లోనూ తేడా ఉంది. 125 కిలోహెర్ట్జ్ తరంగంపై పనిచేసే పాత రకం కార్డు తన నంబరును అడిగిన ప్రతి యంత్రానికీ దాపరికం లేకుండా చెప్పేస్తుంది. బహుళ వాడుకలో ఉన్న 26 బిట్ల పద్ధతిలో కార్డు సంఖ్యకు 16 బిట్లే దక్కుతాయి. అంటే ఒక సంస్థ సంకేతం కింద 65,536 నంబర్లకు మించవు. 13.56 మెగాహెర్ట్జ్ స్మార్ట్‌కార్డు రహస్యలిపిలో మాట్లాడుతుంది. అందులోనూ పాత ‘మైఫేర్ క్లాసిక్’ రకం రహస్యాన్ని నెదర్లాండ్స్ పరిశోధకులు 2008లోనే ఛేదించారు.

3. నిశాని నుండి యంత్రం వరకు

కార్డు పోతుంది, అంకెలు మరచిపోతాం, వేలు మాత్రం ఎప్పుడూ వెంట ఉంటుంది - వేలిముద్ర యంత్రాలకు ఆదరణ పెరగడానికి ఈ తర్కమే కారణం. ఇక్కడ భాషాపరమైన ఒక వింత గమనింపదగినది. తెలుగునాట ‘నిశాని’ చదువురానివారి గుర్తు. ‘వేలిముద్రగాడు’ అన్నది నిన్నమొన్నటి వరకు తిట్టు. సంతకం చేయగలగడమే అక్షరాస్యతకు తొలిమెట్టు. ఇప్పుడు డాక్టరేటు పొందిన అధ్యాపకుడు కూడా ఉదయాన్నే హాజరు యంత్రం ముందు నిశాని వేస్తున్నాడు.

ఈ గుర్తు వెనుక వలసపాలన చరిత్ర ఉంది. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒప్పందపత్రంపై రాజ్యధర్ కోనాయి అనే గుత్తేదారు అరచేతి ముద్రను తీసుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ప్రసిద్ధమైన వర్గీకరణకు గణిత పునాది వేసినవారిలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ఉన్నారు. నేటి యంత్రం కూడా వేలి రేఖలు ఎక్కడ ముగుస్తున్నాయో, ఎక్కడ చీలుతున్నాయో లెక్కించి, ఆ బిందువుల పటాన్ని దాచుకుంటుంది. మళ్ళీ వేలు పెట్టినప్పుడు ఆ పటంతో పోల్చుతుంది. పోలిక ఎప్పుడూ ‘ఇంత మేరకు’ అన్నదే. పట్టు బిగిస్తే అసలు మనిషిని కూడా కాదంటుంది. సడలిస్తే పరాయిని రానిస్తుంది. బీడీలు చుట్టి, వరి కోసి, గ్రానైటు చెక్కి రేఖలు అరిగిన చేతులున్న ఉత్తర తెలంగాణలో ఈ ‘కాదనడం’ చిన్న ఇబ్బంది కాదు. ఆ కుటుంబాల నుండి వచ్చి కాపలాదారుగానో, పారిశుద్ధ్య కార్మికురాలిగానో పనిచేసేవారే అందరికన్నా ముందు తలుపు తీయవలసినవారు.

4. ధర్మారం ఉదంతం

కరీంనగర్ నుండి చొప్పదండి మీదుగా రాయపట్నం వెళ్ళే రహదారిపై ధర్మారం ఉంది. 2016 జిల్లాల పునర్విభజన తరువాత అది పెద్దపల్లి జిల్లాలో చేరింది. 2018 జూన్‌లో అక్కడి సిమ్ కార్డుల పంపిణీదారు ఒకరిని హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. పోలీసులు వెల్లడించిన ప్రకారం, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందుబాటులో ఉన్న భూమి దస్తావేజుల నుండి అతడు వేలిముద్రలనూ ఆధార్ సంఖ్యలనూ సేకరించాడు. రబ్బరు స్టాంపులు చేసే సామగ్రితో ఆ ముద్రలకు పాలిమర్ నకళ్ళు తయారుచేసి, వేలాది సిమ్ కార్డులను చైతన్యపరిచాడు. ఆ సంఖ్య సుమారు 6,000 అని నాటి వార్తలు తెలిపాయి. అమ్మకాల లక్ష్యాన్ని చేరుకోవడమే ఉద్దేశమని చెప్పారు.

దస్తావేజులో ఆ ముద్ర ఉండటానికి కారణం చట్టమే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 2001 సవరణ ద్వారా చేరిన 32ఎ సెక్షన్ ఫొటోనూ వేలిముద్రనూ తప్పనిసరి చేసింది. భూమి అమ్మకంలో మోసాన్ని ఆపడానికి వేయించిన ముద్ర మరొక మోసానికి అచ్చు అయింది. జపానుకు చెందిన త్సుతోము మత్సుమోతో బృందం జెలటిన్ వేళ్ళతో యంత్రాలను మభ్యపెట్టవచ్చునని 2002లోనే నిరూపించింది. ప్రయోగశాలలో తేలిన విషయం పదహారేళ్ళకు స్టాంపుల యంత్రంతో ధర్మారం చేరింది.

సిమ్ కార్డుకూ భవనం తలుపుకూ సంబంధమేమిటన్న ప్రశ్న రావచ్చు. రెండు చోట్లా వేలిని చదివే యంత్రం చేసే పని ఒకటే. పైగా రెండు చోట్లా చూసేవారుండరు. రేషన్ దుకాణంలో వరుసలో నిలబడి వేలికి పాలిమర్ ముక్క అంటించుకోవడం కష్టం. రాత్రివేళ కాపలా లేని మెట్లపై అది సులభం. ఆధార్ సంస్థ ఆ తరువాత వేలు సజీవమైనదా కాదా అని పరీక్షించే పద్ధతిని 2023లో ప్రవేశపెట్టింది. ఎవరి వేలిముద్రలను వారే ‘లాక్’ చేసుకొనే వెసులుబాటు కూడా ఉంది. తాళానికి చెవిగా తెచ్చుకున్న వేలికే చివరకు తాళం వేయవలసి వచ్చింది! కాని ఈ రక్షణలు ఆధార్ వ్యవస్థకు చెందినవి. దుకాణ సముదాయం గోడకు బిగించిన ప్రైవేటు యంత్రానికి అవి వర్తించవు.

5. తలుపుకు ఏది తగును?

ఇనుప చెవి పోతే తాళం మారుస్తాం. కార్డు పోతే నంబరు తీసివేస్తాం. వేలిముద్ర బయటపడితే మార్చుకోవడానికి ఉన్నవి పది వేళ్ళే. అందువల్ల చొప్పదండి వంటి పట్టణంలోని వాణిజ్య సముదాయానికి రహస్యలిపి గల కార్డు, దానితోపాటు నాలుగు అంకెల సంఖ్య చాలునన్నది సమంజసమైన అభిప్రాయం. నగదు గది వంటి చోట వేలిముద్ర తప్పదనుకుంటే, అది కార్డుకు తోడుగా ఉండాలే తప్ప బదులుగా కాదు. ముద్ర పటాన్ని ఉద్యోగి కార్డులోనే దాచే పద్ధతి ఉంది. అప్పుడు పోగొట్టుకోవడానికి యజమాని దగ్గర ముద్రల గుట్ట ఉండదు. స్ట్రాంగ్‌రూము నేర్పిన రెండు చెవుల నీతి ఇక్కడ వేరే రూపంలో కొనసాగుతుంది.

లోపలి నుండి బయటికి రావడం మరొక విషయం. విద్యుదయస్కాంత తాళం కరెంటు ఉన్నంతసేపే పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే వదిలేస్తుంది. మరికొన్ని తాళాలు కరెంటు పోయినప్పుడు బిగిసే ఉంటాయి. మొదటి రకం ప్రాణరక్షణకు, రెండవది సొత్తు రక్షణకు అనుకూలం. నిష్క్రమణ తలుపు లోపలివైపు నుండి చెవి లేకుండానే తెరుచుకోవాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. దొంగభయంతో వెనుక తలుపుకు గొలుసు తాళం వేసే అలవాటు దీనికి పూర్తిగా విరుద్ధం. 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సు అగ్నిప్రమాదంలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. పొగ నిండిన వాణిజ్య భవనంలో నిమిషాల విలువ ఎంతో ఆ ఘటన తెలిపింది.

చట్టం సంగతికి వస్తే, 2011 నాటి సమాచార సాంకేతిక నియమాలు జీవముద్రలను సున్నితమైన సమాచారంగా విడిగా పేర్కొన్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అటువంటి ప్రత్యేక వర్గాన్ని ఉంచలేదు. పేరు, ఫోను నంబరు, వేలిముద్ర అన్నీ ఒకే గాటన ఉన్నాయి. అవసరం తీరిన సమాచారాన్ని తొలగించాలన్న బాధ్యతను మాత్రం అది సంస్థలపై పెట్టింది. ఉద్యోగి మానేసినప్పుడు కార్డును అడిగి తీసుకుంటారు, జీతం లెక్క తేలుస్తారు. గోడ మీది యంత్రంలో మిగిలిన అతని ముద్రను తుడిచివేసే పని ఎవరిదో చాలా చోట్ల రాసి ఉండదు. యంత్రం పాతబడి తుక్కుకు వెళ్ళినప్పుడు ఆ ముద్ర కూడా దానితోపాటే వెళ్తుంది.