గండికోటకు ఎనిమిది సైకిళ్ళు

మా డోన్‌లో కాస్త వయసు మళ్ళిన మనిషి సైకిలెక్కి కనిపిస్తే జనానికి రెండే అనుమానాలు. మోటారు సైకిలు చెడిపోయి వుండాలి; లేదా చక్కెరజబ్బు వుందని డాక్టరు చెప్పి వుండాలి. ఊరి పక్కనే 44వ నెంబరు జాతీయ రహదారి, ఊళ్ళో రైలు జంక్షను. ఎటు వెళ్ళాలన్నా ఏదో ఒక బండి దొరికే చోట, మూడు రోజులపాటు కాళ్ళు అరగదీసుకొని గండికోటకు సైకిళ్ళ మీద వెళ్తామంటే నవ్వరా మరి? నవ్వారు.

ఇంతకీ ఈ ఆలోచన పుట్టింది రాయలసీమలో కాదు, కిర్గిజిస్తాన్‌లో! మా కాలేజీలో బి.ఏ. చదివే ఒక కుర్రవాడి అన్న బిష్కెక్ నగరంలో వైద్యం చదువుతున్నాడు. మన జిల్లాల పిల్లలు డాక్టరు చదువుకు అక్కడికి వెళ్ళడం ఇప్పుడు వింత కాదు. అన్న పంపిన ఫోటోలు చూసి తమ్ముడికి పామీరు రహదారి మీద మనసు పోయింది. తజికిస్తాన్ రాజధాని దుషాన్బే నుంచి ఖొరోగ్, ముర్గాబ్‌ల మీదుగా కిర్గిజిస్తాన్‌లోని ఓష్ నగరం దాకా 1,200 కిలోమీటర్ల పైచిలుకు దారి అది. అందులో చాలాభాగం 1930లలో సోవియట్ ప్రభుత్వం వేసింది. 1991లో ఆ రెండు దేశాలూ స్వతంత్రమైనాయి. దారిలో అక్-బైతాల్ కనుమ ఎత్తు 4,655 మీటర్లు. మన తిరుమల కొండకు నాలుగు రెట్ల పైమాటే. అయినా ఏటా వేసవిలో దేశదేశాల సైకిలు యాత్రికులు ఆ దారి పడతారు. ఊరికీ ఊరికీ మధ్య బండరాళ్ళూ చలిగాలీ తప్ప మరేమీ లేని చోట్లు ఎక్కువ కాబట్టి నలుగురు కలిసి వెళ్ళడం మేలంటారు.

"మనమూ పోదాం సార్!" అన్నాడు కుర్రవాడు.

"ముందు గండికోట దాకా కలిసి పోగలమేమో చూద్దామయ్యా" అన్నాను. ఆ 'కలిసి' అన్న మాటలో ఎంత వుందో దారిలో తెలిసింది.

సంక్రాంతి సెలవులలో బయలుదేరాం. అధ్యాపకులం ఇద్దరం, విద్యార్థులు ఆరుగురు. వారిలో అమ్మాయిలు ఇద్దరు. ముగ్గురు అబ్బాయిలవి బెంగుళూరులో కొన్న గేర్ల సైకిళ్ళు, తక్కినవి మామూలువి. ఒక అమ్మాయిదైతే హైస్కూల్లో చదివేటప్పుడు వాళ్ళ అక్కకు సర్కారువారు ఇచ్చిన సైకిలు. గేర్లు లేవు, ముందొక బుట్ట, బరువు చెప్పనక్కరలేదు.

బేతంచెర్ల దాకా హాయిగా సాగింది. దారి పొడుగునా నాపరాళ్ళ గుట్టలు, పాలిష్ ఫ్యాక్టరీల తెల్లటి దుమ్ము. ఆపైన ఎర్రమల కొండలు మొదలైనాయి. ఎగుడు రాగానే గేర్ల సైకిళ్ళు మూడూ మలుపు తిరిగి మాయమైనాయి. సరిగ్గా అప్పుడే సర్కారు సైకిలు వెనక చక్రంలో కంపముల్లు దిగింది. పంచరు సామాను మా దగ్గరుంది. గాలిపంపు మాత్రం ముందుపోయిన వాళ్ళ దగ్గర వుంది. పెద్ద నీళ్ళ క్యానూ వాళ్ళ దగ్గరే! సెల్‌ఫోనుకు సిగ్నల్ లేదు.

ఒక గొర్రెల కాపరి మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చాడు. తడిగోనె చుట్టిన సీసాలోంచి తలా ఇన్ని నీళ్ళు పోశాడు.

"యాడికి పోతాండారు సార్?"

"గండికోటకు."

"కడమోళ్ళు యాడ?"

"ముందు పోయినారు."

అతను పైట్ట చూసి నవ్వాడు. "మందలో కుంటిగొర్రె ఎనకబడితే, మంద ముందుకు పోయినట్లు కాదు సార్. నేనైతే దాన్ని ముందర పెట్టి తోలుకుంటా" అన్నాడు.

గంటన్నర తరువాత అబ్బాయిలు వెనక్కు వచ్చారు, తలలు వంచుకొని. ఎవరూ వాళ్ళనేమీ అనలేదు. చక్రానికి గాలి కొట్టి, చీకటి పడ్డాక బనగానపల్లె చేరాం.

అసలు చిక్కు అక్కడ వచ్చింది. భోజనాలైన తరువాత ఆ అమ్మాయి, "నావల్లే అందరికీ ఆలస్యమైంది సార్. పొద్దున నేను బస్సెక్కి ఇంటికి పోతా" అన్నది. గొంతులో కోపం లేదు. లెక్క చెప్పినట్లు చెప్పింది. ఎవరూ మాట్లాడలేదు. వద్దని ఒక్క గేర్ల సైకిలు నోరు తెరవకపోవడం నాకు నచ్చలేదు.

అప్పుడు వాళ్ళకొక పాత కథ చెప్పాను. 1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ళ మీద ప్రపంచం చుట్టి రావడానికి బయలుదేరారు. పర్షియా, ఇరాక్, సినాయ్ ఎడారి, యూరపు, అమెరికా, జపాను, చైనా, అన్నీ తిరిగి, 44,000 మైళ్ళు, అంటే సుమారు 71,000 కిలోమీటర్లు తొక్కి, 1928 మార్చి 18న బొంబాయి చేరారు. వారు వ్రాసిన పుస్తకానికి జవహర్‌లాల్ నెహ్రూ తొలిపలుకు వ్రాశాడు. అయితే తిరిగి వచ్చినవారు ముగ్గురే: అది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా.

"మిగిలిన ముగ్గురు?" అని వెంటనే అడిగింది ఆ అమ్మాయే.

నారీమన్ కపాడియా టెహరాన్ నుంచే మరలిపోయాడు. గుస్తాద్ హతీరాం అమెరికాలో నిలిచిపోయాడు. కేకీ పోచ్‌ఖానావాలా అక్కడినుంచి ఇల్లు చేరాడు. వాళ్ళ కారణాలు వాళ్ళవి. తప్పు పట్టడానికి మనమెవరం? కాని ఆరుగురి యాత్ర ముగ్గురిదై ముగిసిన మాట నిజం. "వాళ్ళది నాలుగేళ్ళ దారి. మనది మూడు రోజులది. ఎనిమిదిమందిమీ చేరడానికి మనకేం అడ్డం?" అన్నాను.

పామీరు కుర్రవాడు లేచి వెళ్ళి తన నీళ్ళ క్యాను విప్పి, ఎనిమిది సీసాలలో సమంగా పోశాడు. "రేపు నువ్వే ముందు" అన్నాడు ఆమెతో.

"సరే. వెనక నవ్వగూడదు" అన్నది.

మరునాటి నుంచి మా కట్టుబాట్లు మూడు. అన్నిటికన్నా మెల్లని సైకిలు ముందుండాలి, దాన్నెవరూ దాటకూడదు. గాలిపంపు పట్టుకొని గట్టివాడొకడు చివర రావాలి. నీళ్ళు అందరి దగ్గరా వుండాలి. పందేలలో బలవంతుడు ముందుండి గాలిని చీలిస్తే వెనకవారికి శ్రమ తగ్గుతుందన్న సంగతి నిజమే. ఎదురుగాలి తగిలినప్పుడు మేమూ ఒకణ్ణి ఆమెకు బారెడు ముందు నిలిపాం. వాడు మాటిమాటికీ వెనక్కు చూసుకుంటూ నడిపాడు. ఆరోజు తొక్కిన వేగం తక్కువే. కాని ఎవరికోసమూ ఎవరూ కాచుకోనందువల్ల, చెప్పుకొన్న వేళకన్నా ముందే బెలుం చేరాం!

మెల్లగా వెళ్ళడంలో మరో లాభం, చుట్టూ చూడవచ్చు. మన ఊళ్ళ పేర్లు భూగర్భ శాస్త్రంలో రాళ్ళ పేర్లయినాయని పిల్లలకు చెప్పాను. బనగానపల్లె క్వార్ట్‌జైటు, అవుకు షేలు, కోయిలకుంట్ల సున్నపురాయి, ఇవన్నీ ఆ శాస్త్రజ్ఞుల మాటలే. అవుకు దగ్గర కృష్ణ నీళ్ళు నిండిన జలాశయం చూసి, వానకు మొగం వాచిన డోన్ పిల్లలు చాలాసేపు కదలలేదు. బెలుం గుహల సంగతి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వ్రాశాడు. 1982–83లో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్లు వాటిని కొలిచారు. 2002 నుంచి జనాన్ని లోపలికి రానిస్తున్నారు. పొడవు 3,229 మీటర్లు.

మూడవనాడు జమ్మలమడుగు మీదుగా గండికోట. పెన్న కొండను కోసుకొని పోయిన చోటు గండి; దాని మీద కట్టినది కోట. ఆ కొండ కూడా ఎర్రమలే, మొదటిరోజు మమ్మల్ని విడదీసిన ఎర్రమలే! కోట వాకిట్లోకి మొదట వెళ్ళినది బుట్ట వున్న సర్కారు సైకిలు. దాని వెనక ఏడు. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూసి, లోయ అంచున కూర్చొని తెచ్చుకున్న సద్దిమూటలు విప్పాం.

వచ్చేటప్పుడు సైకిళ్ళను చిన్న లారీలో వేసుకొని వచ్చామని కూడా చెప్పేస్తున్నాను, దాచడమెందుకు?

మీరూ ఇలాంటి ప్రయాణం తలపెడితే కార్తీకం నుంచి మాఘం దాకా మంచి రోజులు; వేసవిలో మా సీమ రోడ్ల జోలికి రాకండి. పంపూ పంచరు సామానూ ఒకేచోట వుంచండి. సైకిళ్ళ రకాల గురించి ఎంతైనా తర్కించుకోండి గాని, అందరికన్నా మెల్లగా తొక్కేది ఎవరో ఊరు దాటకముందే తెలుసుకొని, వారిని ముందు నిలపండి.