పొరుగింటి నిద్రకూ చట్టం ఉంది

సీతాఫల్‌మండి అంటే సీతాఫలాల అంగడి. పేరు తీయనిదే గాని, అక్కడ కాపురముండేవారి చెవులకు విశ్రాంతి తక్కువ. ఒక పక్క రైలు మార్గం, మరో పక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాన్ని దాటితే తార్నాక. పెళ్లి బరాతులు, బోనాలు, వినాయక ఊరేగింపులు, రాజకీయ సభలు, మన ఉజ్జీవ కూటాలు, అన్నీ మైకుతోనే. ఆ సందుల్లోనే పరీక్షలకు చదివే పిల్లలు, మంచం పట్టిన ముసలివారు, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకొనేవారు కూడా ఉంటారు.

పల్లెల్లో ఉండే మనకు ఈ పట్నం గొడవ ఎందుకని కొందరు అనుకోవచ్చు. కాని ఈ విషయంలో చట్టం పట్నానికీ పల్లెకూ ఒక్కటే.

చట్టం ఏమంటుంది?

కేంద్ర ప్రభుత్వం 2000 ఫిబ్రవరి 14న శబ్ద కాలుష్య నియమాలను ప్రకటించింది. శబ్దాన్ని డెసిబెల్ అనే కొలతతో కొలుస్తారు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకొంటే దాదాపు 60 ఉంటుంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 మించరాదు. వ్యాపార ప్రాంతాల్లో 65, 55. పరిశ్రమలున్న చోట 75, 70. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం వంద మీటర్ల మేర ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. అక్కడ 50, 40 మాత్రమే. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి సుమారు రెట్టింపుగా వినబడుతుంది. కనుక “పదే కదా” అనుకోరాదు.

మైకు పెట్టాలంటే అధికారుల వ్రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు వాడరాదు. నాలుగు గోడల మధ్య, లోపలివారికి వినబడేంతవరకే మినహాయింపు. పండుగలు, సాంస్కృతిక ఉత్సవాల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు.

ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది?

2011లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఏడు పెద్ద నగరాల్లో రేయింబవళ్లు శబ్దాన్ని కొలిచే యంత్రాలు పెట్టడం ఆరంభించింది. హైదరాబాదులో అలాంటి కేంద్రాల్లో తార్నాక ఒకటి. అయితే యంత్రం కొలుస్తుందే గాని, వెళ్లి మైకు ఆపలేదు. దానికి పోలీసులే రావాలి. 100కు గాని 112కు గాని ఫోను చేయవచ్చు. పగటిపూట శబ్దం హద్దుకంటే 10 డెసిబెల్స్ ఎక్కువైతే ఫిర్యాదు చేసే హక్కు ఉంది. రాత్రి పది దాటాక ఆరుబయట మైకు మోగితే కొలతతో పనిలేదు, ఆ ఉల్లంఘన ఒక్కటే చాలు. 2024 అక్టోబరు 1న హైదరాబాదు పోలీసు కమిషనరు మతపరమైన ఊరేగింపుల్లో డి.జె.లను, బాణసంచాను నిషేధించారు. ఆ నిషేధం ఒక మతానికని కాదు, అందరికీ.

మన సంఘాలకు ఒక పాఠం

ఈ సంగతి క్రైస్తవులమైన మనకు మరీ దగ్గరది. మద్రాసులో మాధవరం హైరోడ్డు మీద చర్చ్ ఆఫ్ గాడ్ అనే సంఘానికి ప్రార్థన మందిరం ఉంది. డ్రమ్ములు, గిటార్లు, మైకులతో ఆరాధన జరిగేది. కె.కె.ఆర్. మెజెస్టిక్ కాలనీ సంక్షేమ సంఘంవారు నిద్ర లేదని 1996లో ఫిర్యాదు చేశారు. రోడ్డు మీది వాహనాల శబ్దమే ఎక్కువనీ, ఆరాధన తమ హక్కనీ సంఘం వాదించింది. 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ బోధించదని, ఆరాధన హక్కులో మైకు హక్కు చేరి లేదని ఆ తీర్పు సారాంశం. 2005లో అదే కోర్టు మరొక కేసులో, మాట్లాడే స్వేచ్ఛ ఉన్నట్లే విననంటూ ఉండే స్వేచ్ఛ కూడా ప్రతివారికీ ఉందని చెప్పింది.

పల్లెల్లో ఫిర్యాదు చేసేవారు అరుదు. రేపు ముఖముఖాలు చూసుకోవాలి గదా అని బాధను దిగమింగుతారు. పైగా మతం పేరు వస్తే నోరు విప్పడానికే భయం. ఎవరూ అడగలేదంటే ఎవరికీ బాధ లేదని అర్థం కాదు.

కూటాలు పెట్టే సంఘాలు ముందుగానే వ్రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఎవరైనా ద్వేషంతో ఫిర్యాదు చేసినా ఆ కాగితమే మనకు ఆధారం. మైకు గొట్టాలు ఊరివైపు కాక కూర్చున్నవారివైపు తిప్పాలి. పదింటికి ముందే ముగింపు ప్రార్థన చేయాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధన మందిరం లోపలే, లోపలివారికి వినబడేంత ధ్వనితో జరుపుకోవాలి. అంతకంటె ముందు, చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి, రోగులున్నారా, పరీక్షలు రాసే పిల్లలున్నారా అని అడగాలి. హోరేబు కొండ మీద ఏలీయాకు దేవుడు పెనుగాలిలో గాని భూకంపంలో గాని కనబడలేదు, మెల్లని స్వరంతో మాట్లాడాడు. దేవునికి మన గొట్టాల అవసరం లేదు.

ఫిర్యాదు వచ్చాక ధ్వని తగ్గిస్తే అది చట్టానికి లోబడటం. పొరుగువాడు అడగకముందే తగ్గిస్తే అది పొరుగువానిమీది ప్రేమ. ఈసారి కూటాలకు మైకుసెట్టు మాట్లాడే రోజునే సంఘపెద్దలు ఈ సంగతి కూడా కూర్చుని మాట్లాడుకొంటే మంచిది.