పరిశోధన పత్రం: ప్రయోగశాల నుండి పత్రిక వరకు

ఒక శాస్త్రజ్ఞుడు క్రొత్త విషయం ఒకటి కనుగొన్నాడనుకుందాం. అది అతనికి తెలిసినంత మాత్రాన శాస్త్రంలో చేరదు. తాను ఏమి చేసినదీ, ఎట్లు చేసినదీ, ఏమి చూచినదీ వ్రాసి, ఇతరులు పరీక్షించడానికి వీలు కల్పించినప్పుడే అది శాస్త్రమవుతుంది. ఇందుకోసం వ్రాసే వ్యాసాన్ని పరిశోధన పత్రం అంటారు. వీటిని ప్రచురించడానికి ప్రతి శాస్త్రానికీ ప్రత్యేక పత్రికలున్నవి. ఇది భౌతిక, రసాయన శాస్త్రాలకు మాత్రమే చెందిన ఏర్పాటు కాదు. జమాఖర్చుల శాస్త్రమైన అకౌంటెన్సీకి కూడా 1926లోనే అమెరికాలో 'ది అకౌంటింగ్ రివ్యూ' అనే పత్రిక వెలువడింది.

పత్రం ఎట్లా వ్రాయాలో, ఎట్లా వ్రాయకూడదో తెలుసుకొనడానికి హైదరాబాదు నుండి లండను పత్రికలకు వెళ్ళిన రెండు పరిశోధనలు చక్కని ఉదాహరణలు. ఒకదాని వెనుక 490 జంతువులపై చేసిన ప్రయోగాలున్నవి. రెండవదానిలో ఉన్నవి రెండే దోమలు.

చాదర్‌ఘాట్ వైద్యుని వాదం

1847లో ఎడింబరో నగరంలో సింప్సన్ అనే వైద్యుడు క్లోరోఫారంను మత్తుమందుగా వాడాడు. శస్త్రచికిత్స బాధ తొలగిపోయిందని లోకం సంతోషించింది. కాని 1848 జనవరిలోనే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలిగోరు తీయించుకొనబోయి, ఆ మత్తులోనే మరణించింది. అటువంటి మరణాలు తరువాత మరికొన్ని సంభవించాయి. క్లోరోఫారం ముందుగా శ్వాసను ఆపుతున్నదా, లేక గుండెను ఆపుతున్నదా? మత్తు ఇచ్చే వైద్యుడు రోగి శ్వాసను కనిపెట్టి ఉండాలా, నాడిని కనిపెట్టి ఉండాలా? ఇది రోగి ప్రాణానికి సంబంధించిన ప్రశ్న.

మూసీనదికి ఉత్తరపు ఒడ్డున, చాదర్‌ఘాట్‌లో, ఆనాడు బ్రిటిష్ రెసిడెన్సీ ఉండేది. ఆ భవనంలోనే 1949 నుండి కోఠీ మహిళా కళాశాల నడిచింది. 1880 దశకంలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ రెసిడెన్సీ వైద్యుడుగాను, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతిగాను ఉండేవారు. శ్వాసను గమనిస్తే చాలునని ఆయన విశ్వాసం. 1888లో ఒక సంఘాన్ని నియమించి, కుక్కలపై ప్రయోగాలు జరిపించి, క్లోరోఫారం నేరుగా గుండెను ఆపదని ప్రకటించారు.

లండనులోని 'లాన్సెట్' అనే వైద్య పత్రిక ఈ మాటను నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌనులు ఇచ్చి, ఆ పత్రిక ఎన్నుకొన్న శాస్త్రజ్ఞునే హైదరాబాదుకు పంపవలసిందని కోరింది. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చారు. లారీ వాదంతో ఆయన ఏకీభవించినవారు కారు. రెండవ సంఘం కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు మొదలైన 490 జంతువులపై ప్రయోగాలు చేసింది. వీటిలో 120 ప్రయోగాలలో రక్తపు ఒత్తిడిని పాదరసమానినితో కొలిచారు. ధమనికి కలిపిన గొట్టంలోని పాదరసం ఎక్కి దిగుతుండగా, తిరిగే కాగితంపై ఆ కదలిక గీతగా పడుతుంది. ఈ గీతలన్నిటికీ ఛాయాచిత్రాలు తీశారు. బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకొని, ప్రమాదం ఊపిరి అందకపోవడం వల్ల, లేదా మోతాదు మించడం వల్ల కలుగుతుందే గాని, గుండెపై నేరుగా ఏమాత్రమూ లేదని తంతి పంపారు. నివేదికను 1890లో లాన్సెట్ ప్రచురించింది.

'ఏమాత్రమూ' అన్న మాట

శంకించిన పత్రిక ప్రతినిధినే ఆహ్వానించడం, కొలతలు భద్రపరచడం, వివరాలు అచ్చువేయించడం ఈ పరిశోధనలోని సుగుణాలు. ఐనప్పటికీ నిర్ణయం నిలువలేదు. 1911లో ఎ. జి. లీవీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పిల్లులపై ప్రయోగాలు చేసి, క్లోరోఫారం మత్తు తేలికగా ఉన్న సమయంలో రక్తంలోనికి అడ్రినలిన్ చేరితే గుండె కండరం క్రమం తప్పి వణకి, హఠాత్తుగా ఆగిపోగలదని చూపించాడు. భయపడినప్పుడు మన శరీరంలో ఊరే పదార్థమే అడ్రినలిన్. శస్త్రచికిత్స బల్లపై పడుకొన్న రోగికి భయం సహజమే కదా!

1889 నాటికి అడ్రినలిన్ సంగతి ఎవరికీ తెలియదు. కనుక దానిని పరీక్షించలేదని హైదరాబాదు సంఘాన్ని తప్పుపట్టరాదు. తప్పు వేరొకచోట ఉన్నది. "మా ప్రయోగాలలో గుండె ముందుగా ఆగడం కనబడలేదు" అనడం ఒకటి; "గుండె ముందుగా ఆగనే ఆగదు" అనడం మరొకటి. మొదటిది వారు చూచినది, రెండవది వారు ఊహించినది. ప్రయోగాల సంఖ్య 490కి పెరిగినంత మాత్రాన మొదటి వాక్యం రెండవ వాక్యంగా మారదు. ఆ రెండవ వాక్యాన్ని నమ్మి నాడిని విడిచిపెట్టిన వైద్యుని ఎదుట ఉన్నది జీవించి ఉన్న రోగి.

రెండు దోమల పత్రం

1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినిలో పరిశీలించారు. ఆ దోమ మలేరియా రోగి రక్తం త్రాగినది. కడుపు గోడలో నల్లని రేణువులు గల కణాలు కనబడినవి. మలేరియా పరాన్నజీవిలో కూడా అటువంటి రేణువులే ఉంటాయి. మరునాడు రెండవ దోమలో అవే కణాలు ఇంకా పెద్దవై కనబడినవి.

ఇక్కడ రాస్ తన పత్రానికి పెట్టిన పేరు గమనించదగినది. "మలేరియా రహస్యం బయటపడింది" అని ఆయన వ్రాయలేదు. మలేరియా రక్తం త్రాగిన రెండు దోమలలో కనబడిన కొన్ని వింత కణాలను గురించి అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ దోమ జాతి పేరు ఆయనకు తెలియదు. ఐనా మచ్చల రెక్కలనూ, పడవ ఆకారపు గ్రుడ్లనూ వర్ణించడం వల్ల ఇతరులు దానిని గుర్తుపట్టడానికి వీలైంది. కణాలను చూచిన మరొక వైద్యుడు స్మైత్ వ్రాసిన వాక్యాలు కూడా పత్రంతో చేరినవి. 1897 డిసెంబరు 18న 'బ్రిటిష్ మెడికల్ జర్నల్' దానిని ప్రచురించింది. 1898లో రాస్ కలకత్తాలో పక్షుల మలేరియాపైనా, ఇటలీ శాస్త్రజ్ఞులు మానవుల మలేరియాపైనా పని చేసి మిగిలిన భాగాన్ని పూర్తిచేశారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం లభించింది.

పత్రం వ్రాయడం

ఇప్పుడు పత్రంలోని భాగాలు ఎందుకున్నవో సులభంగా తెలుస్తుంది. పరిశోధన సారాన్ని కొద్ది వాక్యాలలో చెప్పేది సంగ్రహం. ఇదివరకు ఇతరులు చేసినదేమిటి, మిగిలిన ప్రశ్న ఏమిటి అన్నది ఉపోద్ఘాతం. మరొకడు అదే పనిని తిరిగి చేయగలిగినంత వివరంగా ఉండవలసినది పద్ధతి. చూచినదే తప్ప అభిప్రాయం కలుపరానివి ఫలితాలు. వాటి అర్థమేమిటో, వాటికి హద్దులేమిటో చెప్పేది చర్చ. చివర ఉపయోగించుకొన్న గ్రంథాల పట్టిక ఉంటుంది.

అకౌంటెన్సీ విద్యార్థి ఒకడు ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాలలో నలభై దుకాణాల ఖాతా పుస్తకాలు పరిశీలించాడనుకుందాం. దుకాణాలను ఏ విధంగా ఎన్నుకొన్నాడో, ఏ సంవత్సరం లెక్కలు చూచాడో, ఎందరు పుస్తకాలు చూపడానికి నిరాకరించారో చెప్పాలి. నిర్ణయం ఆ నలభై దుకాణాల వరకే నిలవాలి. "హైదరాబాదు వర్తకులందరూ" అని వ్రాయరాదు.

పంపడం, పరీక్షకు నిలవడం

వ్రాతప్రతి సిద్ధమైన తరువాత విషయానికి తగిన పత్రికను ఎన్నుకోవాలి. ఆ పత్రిక నియమాలు చదివి, పొడవు, పట్టికలు, గ్రంథసూచనలు వాటి ప్రకారం సరిచేయాలి. ఒకే పత్రాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపరాదు. నేడు చాలా పత్రికలు కంప్యూటరు ద్వారానే ప్రతిని తీసుకొంటున్నవి. సంపాదకుడు దానిని చూచి, తగినదనిపిస్తే ఆ విషయంలో నిపుణులైన సమీక్షకులకు పంపుతాడు. అనేక అకౌంటెన్సీ పత్రికలలో సమీక్షకునికి రచయిత పేరు తెలియనీయరు. రచయితకు సమీక్షకుని పేరు తెలియనీయరు. పలుకుబడిని కాక పనిని చూడడమే దీని ఉద్దేశం. రచయిత ప్రతి ఆక్షేపణకు విడివిడిగా సమాధానం వ్రాయాలి. ఒప్పుకొన్నచోట సవరించాలి, ఒప్పుకొననిచోట కారణం చూపాలి. ఒక పత్రిక తిరగగొట్టినా, లోపాలు దిద్ది మరొక పత్రికకు పంపవచ్చు.

ఉన్నత పాఠశాలలో ప్రయోగాల పుస్తకం వ్రాసే విద్యార్థి కూడా ఈ పద్ధతిని ఇప్పటినుండే అలవరచుకొనవచ్చు. లోలకం ప్రయోగంలో వచ్చిన సంఖ్య పాఠ్యపుస్తకంలోని సంఖ్యతో సరిపోకపోతే దానిని తుడిచివేయక, వచ్చినది వచ్చినట్లే వ్రాయాలి. ఉపాధ్యాయుడు కూడా సంఖ్య సరిపోయిందా అని మాత్రమే కాక, "ఈ వాక్యం వ్రాయడానికి నీవు చూచినదేమిటి?" అని ప్రతి నిర్ణయం ప్రక్కన ఒక ప్రశ్న వేయాలి.