నాటి ఓడరేవు నరసాపురం

తెలుగునాట సముద్రవ్యాపారంతో వర్ధిల్లిన పట్టణాలనగానే మోటుపల్లి, మచిలీపట్నం, కోరంగి స్ఫురిస్తాయి. నరసాపురం పేరు అంత త్వరగా ఎవరికీ గుర్తుకు రాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో, వశిష్ఠ గోదావరి కుడిగట్టున, సముద్రానికి కొద్ది దూరంలోనే వెలసిన ఈ పట్టణం 17వ శతాబ్దంలో ఓడలను నిర్మించిన చోటు. ఎగువ అడవుల కలప, ఇనుప పని తెలిసిన కమ్మరులు, నేర్పరులైన వడ్రంగులు ఇక్కడ సమకూడేవారు. దెబ్బతిన్న విదేశీయుల నౌకలు కూడా మరమ్మతులకై ఈ తీరానికే చేరేవి. నేడు లంగరు వేసిన పెద్ద ఓడ ఒక్కటీ ఇక్కడ కనిపించదు. అయినా ఈ ఊరిని చూడదలచినవారు మొదట వెళ్లవలసినది రేవులకే.

పట్టణంలోని వలందర రేవు పుష్కరాల నాడు జనసంద్రమవుతుంది. స్నానమాడేవారిలో ఆ పేరును గురించి ఆలోచించేవారు అరుదు. హాలండు దేశీయులైన డచ్చివారిని మన పూర్వులు వలందులనీ వలందాలనీ వ్యవహరించారు. ఆ మాటే ఈ రేవు పేరులో నిలిచిందని చెబుతారు. వర్తకం ముగిసి, వర్తకులు వెళ్లిపోయినా, పేరు మాత్రం గట్టునే ఉండిపోయింది.

మాధవాయిపాలెం కథ ఇంతకంటె విచిత్రమైనది. ఆంగ్లేయ వర్తకసంఘం ఇక్కడ వర్తకశాలను నెలకొల్పి చుట్టుపక్కల నేతగాండ్ర బట్టను కొనుగోలు చేసింది. మద్రాసు గవర్నరు స్ట్రేన్‌షామ్ మాస్టర్ 1679లో ఈ ప్రాంతానికి వచ్చి, ఆ ప్రయాణాన్ని తన దినచర్యలో నమోదు చేశాడు. ఊరి పేరు పరాయివారి నోట మడపొల్లంగా మారింది. క్రమంగా అది ఒక రకమైన నూలుబట్టకు పేరై ఐరోపా భాషల నిఘంటువులకెక్కింది. ఆ బట్ట నేసిన ఊరు గోదావరి ఒడ్డున ఉన్నదని ఫ్రాన్సులో దానిని కొన్నవారికి తెలిసి ఉండదు. మనవారిలో మాత్రం ఎందరికి తెలుసు?

ఇంతటి రేవు ఎందుకు మాసిపోయింది? నది తెచ్చే ఒండ్రుమట్టి, కడలి అలలు నెట్టే ఇసుక కలిసి సంగమస్థానంలో మేటలు వేస్తాయి. నదీముఖాన్ని ఇక్కడివారు మొగ అంటారు. మొగ పూడుతున్నకొద్దీ ఓడల రాక కష్టమైంది. నౌకల పరిమాణం పెరిగేకొద్దీ వాటికి మరింత లోతు అవసరమైంది. మిల్లుబట్టల పోటీకి మగ్గాలు సైతం తగ్గాయి.

అయితే ఇక్కడి చేతిపని సముద్రాలు దాటడం మానలేదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక పరిసర గ్రామాల స్త్రీల జీవనాధారమైంది. ఇంటి అరుగుపై కూర్చొని, చిన్న కొక్కెపు సూదితో, సన్నని నూలుదారాన్ని పువ్వులుగా మలచే స్త్రీలను ఇక్కడ చూడవచ్చు. ఈ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథం ఈ కళకు మరో పార్శ్వాన్ని చూపింది. వారి శ్రమను తీరికవేళల కాలక్షేపంగా లెక్కకట్టినందువల్లనే కూలి అంత స్వల్పంగా ఉన్నదని ఆమె నిరూపించింది. లేసును చూసి ముచ్చటపడే యాత్రికుడు ఈ సంగతిని కూడా తెలిసికోవాలి.

ఊరిలోని ఆదికేశవ ఎంబెర్మన్నార్ కోవెల దర్శనీయమైనది. ఎంబెర్మన్నార్ అనేది రామానుజాచార్యులకు గల నామాంతరం. వారి జన్మస్థలమైన శ్రీపెరుంబుదూరులో వెలసిన స్వామి కూడా ఆదికేశవుడే. పాలకొల్లులోని క్షీరారామం పంచారామాలలో ఒకటి. దాని తొమ్మిది అంతస్తుల గోపురం దూరానికే కనిపిస్తుంది. సాగరతీరాన్ని కోరేవారు పేరుపాలెం వెళతారు.

మాధవాయిపాలెం రేవు నుండి పంటుపై వశిష్ఠను దాటితే సఖినేటిపల్లి. మనుషులతోపాటు సైకిళ్లు, ఆటోలు కూడా పంటు ఎక్కుతాయి. అక్కడి నుండి అంతర్వేదికి బాట. శ్రీలక్ష్మీనరసింహస్వామి కొలువైన ఈ క్షేత్రంలో మాఘశుద్ధ దశమి రాత్రి కల్యాణం, భీష్మ ఏకాదశినాడు రథోత్సవం జరుగుతాయి. పాత రథం 2020 సెప్టెంబరులో అగ్నికి ఆహుతి కాగా, నూతనంగా నిర్మించిన రథం 2021లో కదిలింది.

ఆలయాన్ని నేటి రూపంలో కట్టించిన కోపనాతి కృష్ణమ్మ రాజూ కాదు, జమీందారూ కాదు. ఆయన బెండమూర్లంకకు చెందిన ఓడల వ్యాపారి. నిర్మాణం 1823 నాటికి పూర్తయింది. నరసాపురం వెలిగిన నాటి సముద్రవాణిజ్యం ఎంతటిదో గ్రహించాలంటే ఈ గోపురాన్ని చూడాలి. కడలిపై ఆర్జించిన ధనమే ఇక్కడ కట్టడమై నిలిచింది.

ఆలయం దాటి మరికొంత దూరం నడిస్తే నది సముద్రంలో కలిసే చోటు వస్తుంది. అక్కడి అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నదీజలాల రంగు ఒకటి, సముద్రజలాల రంగు మరొకటి. ఆటుపోటులు చూచుకొని, ఇసుకమేటలను తప్పించుకొంటూ మొగలోనికి వచ్చే పడవలను సాయంవేళ గట్టుమీద నిలిచి చూడవచ్చు. అవన్నీ ఇప్పుడు చేపల పడవలే.